ఖాళీ లేబుల్‌ను ఒప్పుకోని వదిన

ఆ రోజు ఉదయం పనిలోకి వచ్చి, భుజాన ఉన్న సంచీ అయినా దించకుండా వదిన చేసిన మొదటి పని నడుస్తున్న ప్రింటరు ప్లగ్గు పీకేయడం.

ప్రింటరు ఉండేది ప్యాకింగ్ హాల్లో, పొడవాటి స్టీలు బల్ల చివర. స్కూళ్లకు మధ్యాహ్న భోజనం డబ్బాల్లో పెట్టి పంపే పెద్ద వంటశాల అది. తలకు టోపీలు, చేతులకు గ్లౌజులు తొడుక్కున్న ఆడవాళ్లు బల్లకు అటూ ఇటూ నిలబడి మూతలు బిగిస్తుంటే, ప్రింటరు ఒక పక్కన టకటకమంటూ లేబుళ్లు కక్కుతూ ఉంటుంది. లేబుల్ మీద పిల్ల పేరు, తరగతి, సెక్షను, ముద్దుపేరు, టీచరు పేరు, బస్సు నంబరు, అన్నిటికంటే కింద "పడనివి" అని ఒక గడి. ఏ పిల్లకైనా తింటే ఒంటికి పడని పదార్థం ఉంటే ఆ గడిలో వస్తుంది. లేబుల్ అంటించిన డబ్బానే బండి ఎక్కుతుంది. అంటించని డబ్బాను డ్రైవర్లు ముట్టుకోరు. వంటశాల తెరిచిన నాటినుంచీ ఉన్న కట్టుబాటు అది.

"అయ్యో వదినా! కరెంటు పోయిందనుకున్నాను," అంది మూతలు బిగిస్తున్న ఒకావిడ.

"పోలేదు. నేనే తీశా."

"ఏం, పొద్దున్నే ఎవరి మీద కోపం?"

"ఈ కొత్త స్కూల్లో ఏ పిల్లకైనా అన్నీ పడతాయట. ఒక్కరికి కూడా ఏ ఇబ్బందీ లేదట. ఆ గడి చూడు, అన్నిటి మీదా ఖాళీయే. నువ్వు నమ్ముతావా?"

ఆవిడ తన చేతిలోని డబ్బా తిప్పి చూసింది. పక్కదాని డబ్బా కూడా చూసింది. "మా ఇంట్లో ఉన్నదే నలుగురం. ముగ్గురికి మూడు రకాలు పడవు," అంది. "నాలుగోవాడికి నేను పడను."

బల్ల చుట్టూ నవ్వులు. వదిన మాత్రం నవ్వలేదు. ప్రింటరు వైరు ఊడదీసి, ప్లగ్గు చేత్తో పట్టుకునే మేడ మెట్లెక్కింది.

మేడ మీద గదిలో ఉంటుంది వాళ్ల ఆఫీసు. లేబుళ్లు ముద్రించే ప్రోగ్రాము తయారుచేసి, వంటశాలలకు అమ్మి, బాగోగులు చూసుకునే చిన్న కంపెనీ. యజమాని ఆమెకు మరిది, అంటే భర్తకు తమ్ముడు. అతను "వదినా" అని పిలుస్తాడు కాబట్టి మేడ మీదవాళ్లూ కిందివాళ్లూ అందరూ అలాగే పిలుస్తారు. వయసులో ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. మొదట్లో ఒకరిద్దరు "మేడమ్" అని చూశారు గానీ, వదినకు అది నచ్చలేదు. "మేడమ్ అంటే ఎవరో వచ్చారనుకుని వెనక్కి చూస్తున్నా," అనేది.

ఆమెకు నలభై దాటింది. ఈ పనికి రాకముందు పార్సిళ్ల కంపెనీలో చిరునామాలు చూసి వేరుచేసే కౌంటరులో చాలా ఏళ్లు చేసింది. అక్కడ పని సూటిగా ఉండేది. పార్సిలు చేతికి రాగానే ముందు ఊరు చూడాలి, తర్వాత పేట, తర్వాత వీధి, ఆ తర్వాత ఇల్లు. ఒకదాని లోపల ఒకటి. మధ్యలో ఏదైనా దొరక్కపోతే ఆ పార్సిలును పక్కింటివాళ్లకు ఇచ్చేయడానికి వీల్లేదు, మూల పడేయడానికీ వీల్లేదు. దాని మీద ఎర్ర సిరాతో రాయాలి, ఎక్కడిదాకా దొరికిందో, ఎక్కడ ఆగిందో: "వీధి ఉంది, ఇల్లు లేదు." ఉత్త "దొరకలేదు" అని రాస్తే పైవాళ్లు తిట్టేవాళ్లు. ఆ కౌంటరు మూతపడ్డాక మరిదే ఆమెను కూర్చోబెట్టి జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రాములు రాసే భాష నేర్పాడు. వంటింటి బల్ల మీద పాత ల్యాప్‌టాప్, పక్కన ఆరబెట్టిన గిన్నెలు. ఏడాది తిరగకుండా అతను రాసినదాంట్లో తప్పులు పట్టడం మొదలుపెట్టింది.

"నేర్పింది నేను," అంటాడు అతను ఇప్పటికీ.

"నువ్వు నేర్పావు కాబట్టే, నువ్వు ఎక్కడ పప్పులో కాలేస్తావో నాకు ముందే తెలుస్తుంది," అంటుంది ఆమె.

లేబుల్ ప్రోగ్రాములో గుండెకాయ ఒక చిన్న ఫంక్షను, అంటే ఒకే పని చేసిపెట్టే ముక్క. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు "వెతుకుడు". స్కూలు పంపే సమాచారం పెట్టెల్లో పెట్టెల్లా ఉంటుంది. పిల్ల అనే పెట్టె, దాని లోపల ఆరోగ్యం అనే పెట్టె, దాని లోపల పడనివి అనే పెట్టె. వాళ్ల భాషలో ఆబ్జెక్టులో ఆబ్జెక్టు. ఒక్కో వంటశాలకు ఒక్కో రకం లేబుల్ కావాలి కాబట్టి, ఏ గడిలో ఏది రావాలో ప్రోగ్రాములో రాయరు. లేబుల్ నమూనాలోనే మాటలుగా రాసిపెడతారు. "పిల్ల" చుక్క "ఆరోగ్యం" చుక్క "పడనివి". మనిషి చదివితే అది దారి. కంప్యూటరుకు మాత్రం అక్షరాల వరస, ఉత్త స్ట్రింగు. ఆ స్ట్రింగును ఉన్నదున్నట్టు ఆబ్జెక్టుకు ఇచ్చి అడిగితే, చుక్కలతో సహా అంత పొడుగు పేరున్న ఒకే పెట్టె కోసం వెతికి, లేదంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ అక్కడే బోర్లాపడతారు. వెతుకుడు ఆ స్ట్రింగును చుక్కల దగ్గర విరగ్గొట్టి, ఒక్కో ముక్కనూ తాళంచెవిలా పట్టుకుని, ఒక పెట్టె తెరిచి అందులోని రెండోది, రెండోదాంట్లోని మూడోది తెరుస్తూ పోతుంది.

పూర్వం ఇదీ ఉండేది కాదు. ఆ స్ట్రింగునే ప్రోగ్రాములాగా నడిపించేసేవాళ్లు. వదిన వచ్చిన కొత్తలో అది చూసి నోరెళ్లబెట్టింది. "వీధిలో ఎవడో చేతిలో పెట్టిన చీటీ, చదవకుండా అందులో రాసినట్టల్లా చేస్తారా మీరు?" అని తిట్టి, తీయించింది. ఆ గొడవలో ఆమే గెలిచింది. రెండో గొడవ మాత్రం అలాగే మిగిలిపోయింది.

ఆ రెండోది ఖాళీ గురించి. ఒకప్పుడు ఏదో స్కూలు సమాచారంలో పేరు దొరక్క, లేబుల్ మీద పేరు ఉండాల్సిన చోట, లేనిదానికి కంప్యూటరు వాడే మాట "అన్‌డిఫైన్డ్" అని అచ్చయి వెళ్లిపోయింది. దాని ఫోటో తీసి, "మా పాపకు ఈ కొత్త పేరు ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, మమ్మల్ని పిలవనైనా లేదే?" అని ఒక తండ్రి నలుగురికీ పంపించాడు. ఊరంతా నవ్వారు. ఆ రోజు మరిది పట్టుబట్టి ఒక నియమం పెట్టాడు. ఏదైనా దొరక్కపోతే వెతుకుడు నోరెత్తకూడదు, ఖాళీ తిరిగివ్వాలి. మొదటి పెట్టె లేకపోయినా, మధ్యలోది లేకపోయినా, చివరిది లేకపోయినా ఒకే జవాబు. మధ్యలో ఏమీ లేని రెండు కొటేషన్ గుర్తులు. లేబుళ్లు శుభ్రంగా వచ్చాయి. ఎవరూ నవ్వలేదు.

"శుభ్రంగానే ఉంది," అంది వదిన అప్పట్లోనే. "అడిగినవాటికి జవాబు తెలియనివాడు కూడా శుభ్రంగానే కూర్చుంటాడు."

ఆ మాట అప్పుడు ఎవరి చెవికీ ఎక్కలేదు.

ప్లగ్గు చేత పట్టుకుని ఆమె గదిలోకి వచ్చేసరికి మరిది ఫోనులో మాట్లాడుతున్నాడు. లేబుల్ నమూనాలు గీసే డిజైనరు, ఏడాది పొడుగునా గళ్లచొక్కాలే వేసుకుంటాడని "గళ్లచొక్కా" అనే పేరు పడ్డవాడు, కుర్చీలో వెనక్కి వాలి కాఫీ తాగుతున్నాడు.

"కింద ప్రింటరు ఆగిందట వదినా," అన్నాడు మరిది ఫోను దించి. "వైరు ఏమైనా..."

ఆమె ప్లగ్గు అతని బల్ల మీద పెట్టింది. వైరు బల్ల అంచు మీదుగా కిందికి వేలాడుతోంది.

"నేనే ఆపా. కొత్త స్కూలు లేబుళ్లన్నిట్లో పడనివి ఖాళీగా వస్తున్నాయి."

"ఖాళీ ఉంటే ఏమీ లేవనేగా?"

"లేవో, మనకు దొరకలేదో. రెండిటికీ నీ వెతుకుడు చెప్పే జవాబు ఒకటే కదా. ఆ కాగితం చూసి ఎవరైనా ఎలా చెప్పగలరు?"

ఆమె స్కూలు పంపిన సమాచారం తెరిచింది. ఆ స్కూల్లో ఏ తరగతి టీచరు ఆ తరగతి వివరాలు ఎక్కించినట్టున్నారు. ఒక తరగతిలో "ఆరోగ్యం" అనే పెట్టె పిల్ల లోపల కాకుండా "ఇల్లు" అనే పెట్టె లోపల ఉంది. ఇంకో తరగతిలో దాని పేరు "వైద్యం". మూడోదాంట్లో పడనివాటిని అమ్మానాన్నల ఫోను నంబర్ల పక్కన దాచారు. వెతుకుడు పిల్ల దగ్గరకు వెళ్లి, ఆరోగ్యం కనబడక, మర్యాదగా ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. ప్రతి పిల్ల దగ్గరా అంతే.

మరిది తల గోక్కున్నాడు. "సరే. సాయంత్రం కూర్చుని సరిచేద్దాం. ఇవాళ్టికి పోనీ."

"పోనీ అంటే?"

"వదినా, ఇది వంటశాలకు వచ్చిన అన్నిటికంటే పెద్ద స్కూలు. ఇవాళే మొదటిరోజు. మొదటిరోజే డబ్బాలు ఆలస్యమైతే వాళ్లు వంటశాలను కడిగేస్తారు, వంటశాల మనల్ని ఉతికి ఆరేస్తుంది. ఒక్కరోజుకి కొంపేం మునగదు."

"మునిగితే ఎవరి కొంపో నీకు తెలుసా? నాకు తెలియదు. అందుకే ఆపా."

"అయితే ఆ తరగతుల దారులు గబగబా మార్చెయ్."

"ఎన్ని రకాలుగా రాశారో ఎవరికి తెలుసు? నేను చూసినవి మూడు. మిగిలినవి నాకు కనబడాలంటే వెతుకుడు దొరకనిచోట ఆగి, దొరకలేదని అరవాలి. నీ ఖాళీ ఉన్నంతకాలం అది అరవదు. ముందు దాని నోటికి కట్టిన గుడ్డ తీస్తా."

"ఇవాళ ఆ ఫంక్షను జోలికి వెళ్లకు."

"వెళ్తున్నా."

గళ్లచొక్కా కప్పు కింద పెట్టాడు. "ఇప్పుడు నేను ఉండాలా, బయటికెళ్లాలా?"

"కూర్చో!" అన్నారు ఇద్దరూ.

ఆమె వెతుకుడులో ఆ రెండు కొటేషన్ గుర్తులు తీసేసింది. ఏ ముక్క దగ్గర పెట్టె దొరక్కపోతే అక్కడ ఆగిపోయి, పార్సిళ్ల కౌంటరులో ఎర్ర సిరాతో రాసినట్టే చెప్పేలా రాసింది: పిల్ల దొరికింది, ఆరోగ్యం దొరకలేదు. నడిపించింది. ఆగింది. కానీ ఆమె అనుకున్న చోట కాదు. ఎప్పటినుంచో సాఫీగా నడుస్తున్న పాత స్కూలు దగ్గర ఆగింది. అక్కడ ఒక పిల్లకు ముద్దుపేరు లేదు.

మరిది తెర మీదికి వంగి చదివాడు. చదివి, నిటారుగా నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"అంటే, ముద్దుపేరు లేని పిల్లలు ఇవాళ పస్తేనా వదినా?"

గళ్లచొక్కాకు నవ్వాగక కాఫీ పొలమారింది. వదిన ముఖం ఎర్రబడింది. ఆ ఒక్క విషయంలో అతను చెప్పింది నిజమే. అన్ని గడులూ ఒకటి కావు. కొన్ని ఖాళీగా ఉండవచ్చు. తను కోపంలో అన్నిటినీ ఒకే కట్టెతో బాదింది.

"సరిచేస్తా," అంది. "కొంచెం టైమియ్యి."

"అదే లేదంటున్నా," అని అతను ప్లగ్గు తీసుకుని కిందికి వెళ్లాడు. పాత ప్రోగ్రాము అతని ల్యాప్‌టాప్‌లో ఉండనే ఉంది. రెండు నిమిషాల్లో కింద ప్రింటరు మళ్లీ టకటకలాడింది.

వదిన ఆ చప్పుడు విని లేచింది. కిందికి దిగి, గోడకు వేలాడుతున్న గ్లౌజుల జతొకటి తొడుక్కుని, కొత్త స్కూలు డబ్బాలు పేర్చిన బల్ల దగ్గర నిలబడి, లేబుళ్లు పీకడం మొదలుపెట్టింది.

ఒక్కొక్కటీ. వేలికొనతో మూల లేపి, ఒక్క లాగుతో. పీకిన వాటిని ఉండచుట్టి బల్ల కింద బుట్టలో పడేసింది. మూతలు బిగించే ఆడవాళ్లు చేతులాపి చూశారు. మరిది పరుగున వచ్చాడు.

"వదినా! ఏం చేస్తున్నావ్? అందరూ చూస్తున్నారు!"

"చూడనీ. లేబుల్ లేని డబ్బా బండెక్కదు కదా. నువ్వు అంటించు, నేను పీకుతా. ఎవరు ముందు అలసిపోతారో చూద్దాం."

"ఇంట్లో పంతాలు ఇంట్లో పెట్టుకో!"

"ఇంట్లో నాకేం పంతం? ఇంట్లో నీకు రెండోసారి కూర నేనే వడ్డిస్తా."

ఇంతలో వంటశాల మేనేజరమ్మ వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. ఆవిడ మెడలో ఎప్పుడూ వేలాడే విజిల్‌ను డ్రైవర్లు గుంపుగా నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటే ఊదుతుంది. బల్ల వంకా, బుట్ట వంకా, ఇద్దరి ముఖాల వంకా చూసింది.

"ఏమైంది?"

మరిది నోరు తెరిచేలోపే వదిన చెప్పింది. "ఈ స్కూలు పిల్లల్లో ఎవరికి ఏం పడదో మా ప్రోగ్రాముకు తెలియలేదు. తెలియలేదని చెప్పకుండా ఏమీ లేదన్నట్టు అచ్చేసింది."

"అంత దూరం ఎందుకు వదినా..." అన్నాడు మరిది. మేనేజరమ్మ వైపు తిరిగాడు. "మేడమ్, చిన్న విషయం. సాయంత్రానికల్లా సరిచేస్తాం. మీ బండ్లకు ఆలస్యం కానివ్వను."

"ఏదైనా పడనివాళ్లు ఉన్నారా లేరా? ఒక్క మాటలో చెప్పు."

ఉన్నారంటే డబ్బాలు పంపకూడదు. లేరనడానికి అతని దగ్గర ఆధారమేమీ లేదు.

"నీకు తెలుసా?" అని ఆవిడ వదినను అడిగింది.

"నాకూ తెలియదు. మేడ మీదికి వెళ్లి కూర్చుంటే తెలుస్తుంది. ఎంతసేపో చెప్పలేను."

మేనేజరమ్మ గోడ గడియారం చూసింది. విజిల్‌ను వేళ్ల మధ్య తిప్పింది. "మిగతా స్కూళ్ల బండ్లు పంపించేయండి. దీనిది ఆపండి," అంది. వదిన చేతుల వైపు చూసి, "నువ్వు పీకడం ఆపి పైకెళ్లు. పీకడానికి నా దగ్గర మనుషులున్నారు," అంది. ఆ మాట వినగానే ఇద్దరు ఆడవాళ్లు ముందుకొచ్చి, నవ్వుకుంటూ లేబుళ్లు లాగడం మొదలుపెట్టారు.

మేడ మీద గళ్లచొక్కా ఆమె కుర్చీ సర్ది ఉంచాడు.

ఈసారి ఆమె తొందరపడలేదు. వెతుకుడుకు కొత్తగా ఇంకో అర చేర్చింది. దారి ఇచ్చేటప్పుడే, దొరక్కపోతే ఏం చేయాలో కూడా చెప్పవచ్చు. ముద్దుపేరు దొరక్కపోతే ఖాళీ పెట్టమని రాస్తే పెడుతుంది. ఏమీ చెప్పకపోతే ఆగిపోతుంది. ఖాళీ కావాలనుకున్నవాళ్లు ఇకనుంచి నోరు తెరిచి అడగాలి, ప్రతి గడికీ విడివిడిగా, తమ చేత్తో రాసి. రెండోది, పడనివి అనే పెట్టె దొరికి, లోపల నిజంగానే ఏమీ లేకపోతే, లేబుల్ మీద ఖాళీ రాదు. "ఏమీ లేవు" అని అక్షరాలా వస్తుంది.

నడిపించింది. ఆగింది: పిల్ల దొరికింది, ఆరోగ్యం దొరకలేదు. ఆ తరగతి దారి సరిచేసింది. ఆ సరిచేసిన దారితోనే మిగతా తరగతులూ నడిపించింది. ఇంకో తరగతి దగ్గర ఆగింది: పిల్ల దొరికింది, ఇల్లు దొరికింది, ఆరోగ్యం దొరకలేదు. సరిచేసింది. ఒక టీచరు అసలు ఆ వివరమే ఎక్కించలేదు. ఆ తరగతికి ఏ దారీ లేదు. గళ్లచొక్కా స్కూలుకు ఫోను చేసి, టీచరును క్లాసులోంచి పిలిపించి, ఆమె చదువుతుంటే రాసుకున్నాడు. "ఆమెకు నా మీద బాగా కోపం వచ్చింది," అన్నాడు ఫోను పెట్టేసి. "కానీ అన్నీ చెప్పింది."

చివరికి ఆగకుండా నడిచింది. కింద కొత్త లేబుళ్లు వచ్చాయి. ఎక్కువభాగం "ఏమీ లేవు". కొన్నింటి మీద మాత్రం మాటలున్నాయి. వేరుశనగ. పాలు. ఇద్దరికి గుడ్డు. ఒకరికి నువ్వులు.

మేనేజరమ్మ ఆ కొన్నిటినీ చేతిలో పట్టుకుని, గోడకున్న వంటల పట్టికతో సరిచూసింది. ఆ రోజు డబ్బాలో ఉన్నది అన్నం, ఉడికించిన కూరగాయలు, ఒక పండు.

"ఇవాళ వీళ్లలో ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు," అంది.

"చూశావా?" అన్నాడు మరిది. అతని గొంతులో గెలుపు కంటే అలసట ఎక్కువ ఉంది. "ఇంత రభస దేనికి? ఏమీ అయ్యేది కాదు."

వదిన మేనేజరమ్మనే అడిగింది. "గుడ్డు ఎప్పుడు పెడతారు?"

"శుక్రవారం."

బండి బయల్దేరింది. పిల్లలు ఆ రోజు భోజనం గంట మోగి చాలాసేపైనాక తిన్నారు. స్కూలు ప్రిన్సిపాలు ఫోను చేసి, మొదటిరోజే ఇలాగైతే ఎలాగని వంటశాలను నిలదీశాడు. మేనేజరమ్మ ఆ ఫోను మరిది చేతికిచ్చి, తను పక్కకు వెళ్లిపోయింది. అతను చెవికి దూరంగా పట్టుకుని విన్నాడు. తర్వాత మేడెక్కి, వదిన బల్ల ముందు నిలబడి, అందరికీ వినబడేలా అన్నాడు.

"రేపటినుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు."

"సరే. ఆ పాత ఖాళీ మళ్లీ పెట్టిస్తావా?"

"పెట్టిస్తా."

"అయితే రేపు వస్తా. పెడుతుంటే చూడాలి."

రాత్రి భోజనానికి అతను మామూలుగానే వచ్చాడు. అతని ఇల్లు పక్క వీధిలోనే. పెళ్లయిన కొత్తలోనే అతని భార్యకు రాత్రి షిఫ్టు పడింది, అతనికి భోజనం అన్నగారింట్లో అలవాటైంది. తల్లి కూడా ఇక్కడే ఉంటుంది. ఫ్రిజ్‌లు బాగుచేసే అన్న చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. తమ్ముడు ముఖం చూశాడు, భార్య ముఖం చూశాడు, ఉప్పు డబ్బా దగ్గరికి లాక్కున్నాడు.

"ఎవరు ఎవర్ని తీసేశారు?" అన్నాడు.

"నీ తమ్ముడు నన్ను."

"నువ్వేం చేశావు?"

"ఆవిడ నాకు నలుగురిలో తలవంపులు తెచ్చింది," అన్నాడు మరిది. "పెద్ద స్కూలు అన్నయ్యా. చేజేతులా..."

"పిల్లలకు పడనివి పెట్టకుండా ఆపా," అంది వదిన.

"ఇవాళ అలాంటివి ఏమీ పెట్టలేదు!"

"ఆ సంగతి నీకు పొద్దున తెలుసా?"

అత్తగారు కంచంలోంచి తలెత్తింది. ఆవిడకు కంప్యూటర్ల గొడవ అక్కర్లేదు. కానీ ఒకరి మాట మధ్యలో ఇంకొకరు మాట్లాడితే ఒప్పుకోదు.

"ఒరేయ్, ఆ పాపిష్టి యంత్రం అడిగింది తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు కదా? దానికి ఆ మాత్రం నోరు లేదా?"

"దానికి ఉందత్తయ్యా," అంది వదిన. "మీ కొడుకే కట్టేశాడు."

"నువ్వు కట్టేశావా?" అని ఆవిడ కొడుకును అడిగింది.

"అమ్మా, అది బిజినెస్సు."

"నాకు తెలియదు నీ బిజినెస్సు. తిను. తిన్నాక పోట్లాడుకోండి."

మరిది తిన్నాడు. కానీ ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు. వదిన కూడా. అన్న మధ్యలో రెండుసార్లు ఏదో అనబోయి, ఇద్దరి ముఖాలూ చూసి, పెరుగు కలుపుకున్నాడు.

మర్నాడు ఆమె రోజూ వచ్చే వేళకే వచ్చింది. మరిది అప్పటికే ఆమె కుర్చీలో కూర్చుని వెతుకుడు తెరిచి ఉన్నాడు. ఆమె వేరే కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"నువ్వు పనిలో లేవు," అన్నాడు తల తిప్పకుండా.

"ఉద్యోగానికి రాలేదు. చూడ్డానికి వచ్చా. చెప్పాగా."

అతను పాత ప్రోగ్రామును లేబుల్ నమూనాలతో సహా తెచ్చి పెట్టేయబోయాడు. అలా పెడితే నిన్న సరిచేసిన దారులన్నీ పోతాయని గుర్తొచ్చి ఆగాడు. కొత్త పద్ధతిలోనే గడి గడికీ ఖాళీ రాసుకుంటూ వెళ్లడం తప్ప దారి లేదు. రాయడం మొదలుపెట్టాడు. ముద్దుపేరు: దొరక్కపోతే ఖాళీ. ఆమె తలూపింది. సెక్షను: ఖాళీ. దానికీ తలూపింది. బస్సు నంబరు. టీచరు పేరు. గళ్లచొక్కా తన బల్ల దగ్గరనుంచి మెడ సాచి చూస్తున్నాడు.

పడనివి దగ్గరికి వచ్చాడు. వేళ్లు కీబోర్డు మీద ఆగాయి.

"రాయి," అంది వదిన. "రెండు గుర్తులే కదా. నిన్న నన్ను తీసేసినంత సులువు."

"నువ్వు కాసేపు బయటికి వెళ్తావా?"

"వెళ్లను."

అతను కొటేషన్ గుర్తు ఒకటి కొట్టాడు. ఇక్కడ నియమం అతనిదే, ప్రోగ్రాము అతనిదే, కంపెనీ అతనిదే. ఎవరూ ఆపడం లేదు. ఇంతకుముందు ఆ ఖాళీ ఎక్కడో ఫంక్షను అడుగున, అన్నిటికీ కలిపి ఒకేసారి రాసి ఉండేది. ఎవరి కంటా పడేది కాదు. ఇప్పుడు అదే ఖాళీని "పడనివి" అనే మాట పక్కన, తన చేత్తో రాయాలి. కిటికీ కింద ఎవరో డ్రైవర్ల మీద విజిల్ ఊదారు.

అతను ఆ గుర్తును చెరిపేశాడు. లేచి నిలబడ్డాడు.

"ఇది ఆగిన ప్రతిసారీ కిందినుంచి ఫోను నీకే వస్తుంది. నేను ఎత్తను," అన్నాడు.

"నాకే రానీ."

"స్కూలు పోతే నీ వల్లే పోయినట్టు."

"నా వల్లే అని అందరికీ చెప్పుకో. నేను కాదనను."

ఆమె తన కుర్చీ వెనక్కి తీసుకుంది. ఉద్యోగం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తీసేసిన మాటా వెనక్కి తీసుకోలేదు, పెట్టుకున్న మాటా చెప్పలేదు.

ఆ పెద్ద స్కూలు నెలాఖరున వంటశాల మార్చేసింది. ఆలస్యం కాని చోటు వాళ్లకు దొరికిందట. మరిది ఆ సంగతి నెలకోసారైనా గుర్తుచేస్తాడు, ఎక్కువగా భోజనాల దగ్గర. వదిన విని, కూర వడ్డిస్తుంది. వాళ్ల ప్రోగ్రాముతో ఇప్పుడు పదహారు స్కూళ్లకు లేబుళ్లు వెళ్తున్నాయి. ఆ లేబుళ్ల మీద ఖాళీగా ఉండటానికి అనుమతి ఉన్న గడులు నాలుగు. పడనివి ఆ నాలుగింటిలో లేదు.